తెగిన పోగు



మన ఎల్లారెడ్డిపేటకు దగ్గరలోని సిరిసిల్లలో సాంచలు మీరు చూసే ఉంటారు. పడుగులో ఒక్క పోగు తెగితే సాంచ ఆగదు, చప్పుడూ తగ్గదు. బట్ట వస్తూనే ఉంటుంది గానీ దాని పొడవునా సన్నని గీత పడుతుంది. ఎవరో ఒకరు చూసి, సాంచ ఆపి, తెగిన కొసను వెదికి ముడి వేయాలి.

మన సంఘంలో ఒక తమ్ముడు బతుకుదెరువుకు దుబాయి వెళ్లాడు. అక్కడ మెల్లగా ప్రార్థన మానేశాడు, వాక్యం చదవడం మానేశాడు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చి, ఒక ఆదివారం చెప్పులు విడిచే చోటనే నిలబడ్డాడు. ఆరాధన ముగిశాక మేము నవ్వుతూ, "ఇన్నేండ్లకు యాదికొచ్చినమా తమ్మీ?" అన్నాము. మరుసటి ఆదివారం అతడు రాలేదు.

మాకు నిద్ర పట్టలేదు. అమ్మగారూ మేమూ కలిసి వాళ్లింటికి వెళ్లి, ఆ మాట అన్నందుకు క్షమించమన్నాము. అతడు తలవంచుకొని ఒక్కటే అడిగాడు: "అయ్యగారూ, నేను అక్కడున్నన్ని రోజులు నాకోసం ప్రార్థన చేసిండ్రా?"

మేము జవాబు చెప్పలేకపోయాము. మొదటి సంవత్సరం చేశాము. తర్వాత అతని పేరే మరిచిపోయాము. ప్రతి వారం ప్రసంగిస్తూనే ఉన్నాము, మా సాంచ ఆగలేదు. పోగు మాత్రం మాలోనూ తెగింది.

మార్కు అనే యోహాను పౌలును విడిచి మధ్యలోనే యెరూషలేముకు తిరిగి వెళ్లాడు (అపొ. కార్య. 13:13). తర్వాత అతణ్ణి వెంటబెట్టుకొని పోవడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం చేయి వదలలేదు. చివరికి చెరలో నుండి రాస్తూ ఆ మార్కునే తీసుకొని రమ్మని పౌలు అడిగాడు (2 తిమోతి 4:11). పైవచనంలోనే దేమా వెళ్లిపోయిన దుఃఖం ఉంది. వెళ్లినవాడి పక్కనే తిరిగొచ్చినవాడు!

ఆ రోజు ఆ గడపలోనే ముగ్గురం మోకరించాము. ఇప్పటికీ అతడు ప్రతి ఆదివారం రాడు. వచ్చిన రోజు మాత్రం అందరికంటే ముందొచ్చి చాపలు పరుస్తాడు.

ప్రియులారా, మీరు దూరమై ఉంటే సిగ్గుపడక రండి. మందిరంలోనే ఉన్నవారైతే, మీరు మరిచిపోయిన ఒక్క పేరు ఈ రాత్రి ప్రభువు ఎదుట పలకండి. తెల్లవారి ఆ ఇంటి తలుపు తట్టండి. తెగిన కొసను వెదికే ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.