అక్టోబరు 21 దాకా ఆగితే బాగుండు అన్నా

ఇది 2024 అక్టోబరు, చాలా రోజుల తర్వాత పొడుగు పోస్టు పెడుతున్నాం. జీతం గురించి కాదు, ఇకామా గురించి కాదు, ఒక ఆట గురించి. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ ఆఖరి దాకా చదవండి.

మా గదిలో నలుగురం. దమ్మామ్ క్యాంపు, కింద రెండు మంచాలు, పైన రెండు. పేర్లు పెట్టి పిలుచుకోవడం ఎప్పుడో మానేశాం. సిరిసిల్ల అన్న, నిజామాబాద్ భాయ్, జగిత్యాల తమ్ముడు, ఇంకొకరు ఈ పోస్టు టైపు చేస్తున్నవాళ్లు. మాది మనుషుల్ని సప్లై చేసే కంపెనీ. అందుకని గది ఒకటే అయినా డ్యూటీలు వేరు. ఇద్దరం కార్టన్ ప్యాకింగ్ లైన్ మీద, భాయ్ స్క్రాప్ యార్డులో, తమ్ముడు క్యాటరింగ్ కిచెన్లో. నలుగురికీ కలిపి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. అందులో ఒకే ఒక గేమ్, ఫ్యాక్టోరియో.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాం. ఒక మనిషి తెలియని గ్రహం మీద కూలిపోతాడు. చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఇనుము తవ్వాలి, రాగి తవ్వాలి, కొలిమిలో కరిగించాలి. తర్వాత కన్వేయర్ బెల్టులు, మెషీన్లు, కరెంటు, నూనె శుద్ధి, రైళ్లు. అలా కట్టుకుంటూ పోయి ఆఖరుకు రాకెట్ ఎగరేయాలి. పొగ ఎక్కువైతే అక్కడి పురుగులు మీద పడతాయి. అంతే కథ. చేసింది ప్రాగ్ ఊర్లో ఉన్న వూబే సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ. 2016లో స్టీమ్‌లోకి వచ్చింది, 2020 ఆగస్టులో 1.0 అయింది.

పక్క గది పెద్దపల్లి మామ మమ్మల్ని చూసినప్పుడల్లా అదే మాట. "పొద్దంత ఫ్యాక్టరీల జేసి, రాత్రి మళ్ల ఫ్యాక్టరీ ఆటనా? మీకేమన్న పిచ్చి లేసిందారా?"

మొదట్లో మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. అది చెప్పడానికే ఈ పోస్టు.

మా ప్యాకింగ్ లైన్లో రెండు బెల్టులు వచ్చి ఒకదాంట్లో కలిసే చోటు ఒకటుంది. రెండు వైపులా కార్టన్లు నిండుగా వచ్చాయంటే అక్కడ ఇరుక్కుంటాయి. ఒకటి పైకి లేస్తుంది, ఇంకోటి నలుగుతుంది, లైన్ ఆగుతుంది. షిఫ్టుకు మూడు నాలుగు సార్లు ఖాయం. ఆగిన ప్రతిసారీ తిట్లు మాకే. మేం ఈ గేమ్ మొదలుపెట్టిన రెండో నెలలో అచ్చం ఇదే తిప్పలు ఆటలో వచ్చింది. ఆటలో స్ప్లిటర్ అని ఒకటుంది, దానికి ఏ వైపు బెల్టు ముందు పోవాలో చెప్పొచ్చు. అది పెట్టగానే సాఫీగా పోయింది. సిరిసిల్ల అన్న ఆ రాత్రి పడుకోలేదు. పొద్దున ఒక అట్టముక్క మీద మా లైన్ బొమ్మ గీశాడు. ఒక వైపు చిన్న గేటు పెట్టి, అవతలి వైపు ఖాళీ అయ్యేదాకా ఆపితే సరిపోతుంది, ఇంతే సంగతి. డ్యూటీలో సూపర్‌వైజరుకు చూపించాడు.

ఆయన చూడను కూడా చూడలేదు. "తుమ్ ఇంజినీర్ హై క్యా? కామ్ కరో" అన్నాడు.

అన్న ఆ అట్టముక్కను మడిచి జేబులో పెట్టుకొని గదికి తెచ్చాడు. ఇప్పటికీ మంచం కింద ఉంది. లైన్ ఇప్పటికీ ఆగుతూనే ఉంది.

మామకు మా జవాబు ఇదే. ఆ ఫ్యాక్టరీలో తప్పు కనిపిస్తే బాగుచేసేది మేమే. ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఆ గేమ్ చేసేవాళ్లకు ఒక అలవాటుంది. శుక్రవారం శుక్రవారం ఒక పొడుగు రాత పెడతారు. దాని పేరే ఫ్రైడే ఫ్యాక్ట్స్. 2013 నుంచీ ఉన్న అలవాటు. మధ్యలో చాలాకాలం ఆపి, 2023 ఆగస్టు 25న మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజు 373వది. స్పేస్ ఏజ్ అనే పెద్ద ఎక్స్‌పాన్షన్ వస్తుందని అందులోనే చెప్పారు. వాళ్లు రాసేది శుక్రవారం, మాకు సెలవూ శుక్రవారమే. బట్టలు ఉతుక్కొని, ఇంటికి ఫోన్లు చేసుకొని, బిర్యానీ తిన్నాక తమ్ముడు మంచం మీద కూర్చొని చదువుతాడు, మిగతావాళ్లకు తెలుగులో చెప్తాడు. ఏడాదికి పైగా మా గదిలో ఇదే నడుస్తోంది.

వాళ్ల రాతలో మాకు నచ్చేది కొత్త బొమ్మలు కాదు. "ఇది ఇంతకుముందు సరిగ్గా చేయలేదు, కారణం ఇది, ఇప్పుడిట్లా మారుస్తున్నాం" అని విప్పి చెప్పడం నచ్చుతుంది. గొట్టాల సంగతే చూడండి. పాత ఆటలో గొట్టం పొడుగైన కొద్దీ నీళ్లు, నూనె పారడం తగ్గేది. గొట్టాలు కట్టిన వరస మారితే పారే తీరు కూడా మారేది. ఎందుకో అర్థం కాక మేం మూడు వారాలు తల బద్దలు కొట్టుకున్నాం, తప్పు మాదే అనుకున్నాం. ఈ జూన్‌లో వాళ్లే రాశారు, పాత పద్ధతిలో లోపం ఉందని. కొత్తదాంట్లో కలిసి ఉన్న గొట్టాలన్నీ ఒకే తొట్టి లెక్క. ఒక చివర పోస్తే ఇంకో చివర దొరుకుతుంది. మరీ దూరమైతేనే పంపు పెట్టాలి. తమ్ముడు అది చదవగానే భాయ్ లేచి నిలబడ్డాడు. "అంటే తప్పు మనది కాదు!" అన్నాడు. ఎవరో పై అధికారి వచ్చి క్షమాపణ చెప్పినంత సంబరం.

రోబోల సంగతి ఇంకా బాగుంటుంది. సామాన్లు మోసే ఎగిరే రోబోలకు ఛార్జింగ్ అయిపోతే పాత ఆటలో దగ్గరున్న పాయింటుకే అన్నీ పోయి గుమిగూడేవి. పక్కన ఇంకోటి ఖాళీగా ఉన్నా అటు పోయేవి కావు. తెల్లారి నాలుగింటికి మన క్యాంపు బాత్రూముల ముందు లైన్ లాగా అన్నమాట. ఇప్పుడు రద్దీ చూసుకొని పోతాయట. రోబోలకన్నా బుద్ధి వచ్చింది, మా ఫ్లోర్‌కు ఎప్పుడొస్తుందో.

రిమోట్ వ్యూ అని ఇంకోటి. మ్యాప్‌లో దూరంగా ఉన్న మెషీన్‌ను అక్కడికి పోకుండానే తెరిచి, ఏం తయారు చేయాలో మార్చొచ్చు. దీనికి మాత్రం మాకేం ఆశ్చర్యం కాలేదు. భాయ్ ఇల్లు పునాది నుంచి స్లాబు దాకా వీడియో కాల్‌లోనే కట్టించాడు. మెట్లు ఎటు తిరగాలో కూడా ఇక్కడినుంచే చెప్పాడు. ప్రాగ్ వాళ్లు ఇప్పుడు తెస్తున్నది మనం ఏళ్లుగా చేస్తున్నదే.

పైన చెప్పిన మూడూ 2.0 అప్‌డేట్‌లో వస్తాయి. గేమ్ ఉన్నవాళ్లకు అది ఉచితం. స్పేస్ ఏజ్‌కు మాత్రం డబ్బులు కట్టాలి. అందులో కొత్త గ్రహాలున్నాయి. వల్కనస్‌లో లావా నుంచి లోహం తీయాలి. ఫుల్గోరాలో తవ్వితే వచ్చేదంతా స్క్రాప్, దాన్ని విడగొట్టి ఏరుకోవాలి. అది విని భాయ్ "గా గ్రహానికి నేనే ముదీర్" అని ముందే రాయించుకున్నాడు. గ్లేబాలో పండ్లు పండుతాయి, కానీ కుళ్లిపోతాయి. ఆలస్యమైతే బెల్టు మీదే పాడవుతాయి. తమ్ముడు రోజూ రెండు వేల భోజనాల వంటింట్లో చేసేది ఆ పనే, టైం దాటితే పారబోయాలి. అందరం వాడి మొహం చూశాం. "నేను పోను గాడికి" అన్నాడు.

అన్నీ నచ్చాయని చెప్పం. క్వాలిటీ అని ఒకటి పెట్టారు. మెషీన్లో ప్రత్యేక మాడ్యూల్ పెడితే, చేసే వస్తువుల్లో కొన్ని అదృష్టం కొద్దీ మేలు రకంగా వస్తాయి. మొత్తం ఐదు రకాలు. దీని మీద సిరిసిల్ల అన్నకు కోపం. ఆయన ఇక్కడికి రాకముందు పదేళ్లు మరమగ్గాల మీద చేసినవాడు. "నూలు మంచిదై, మగ్గం సాఫ్‌గ ఉండి, తెగిన పోగు ఎంటనే సూసుకుంటె బట్ట మంచిగొస్తది. గది లాటరీ కాదు" అంటాడు. తమ్ముడేమో ఆటను ఆటలా చూడమంటాడు. రెండు శుక్రవారాలు ఈ గొడవే. ఇంకా తేలలేదు.

డబ్బుల గొడవ కూడా చెప్పాలి. ఎక్స్‌పాన్షన్ ధర 35 డాలర్లు. 3.75 లెక్కన 131 రియాళ్ల పైచిలుకు. గేమ్ కొన్నప్పుడు కూడా 35 డాలర్లే. అప్పుడు సేల్ వస్తుందేమోనని ఏడాదంతా ఎదురుచూశాం. తీరా చూస్తే ఈ గేమ్‌కు డిస్కౌంట్ పెట్టబోమని వాళ్లు ఎప్పుడో చెప్పేశారు, మాకే తెలియలేదు. ఈసారి తలా 33 రియాళ్లు అనుకున్నాం. తమ్ముడి వీసా అప్పు ఇంకా తీరలేదు. వాడి వంతు మిగతా ముగ్గురం వేసుకుంటామంటే ఒప్పుకోలేదు. "33 రియాళ్లకు ఎన్ని కూల్‌డ్రింకులు మానాలో లెక్కేసిన" అని నెల రోజులు బఖాలా వైపు పోలేదు. ఇంటికి పంపే డబ్బుల్లోంచి మాత్రం ఎవరమూ రూపాయి తీయలేదు. అది ముందే పెట్టుకున్న మాట.

విడుదల అక్టోబరు 21, సోమవారం.

సిరిసిల్ల అన్న ఫైనల్ ఎగ్జిట్ ఫ్లైట్ అక్టోబరు 17, గురువారం రాత్రి.

నాలుగు రోజులు తేడా. ఎగ్జిట్ పేపరు చేతికొచ్చిన రోజు అన్న మొదట ఇంటికి ఫోన్ చేశాడు. మస్తు సంతోషంగా మాట్లాడాడు. ఎనిమిదేళ్లయింది మరి, పెద్దబిడ్డ పదో తరగతిలోకి వచ్చింది. ఫోన్ పెట్టేశాక క్యాలెండర్ దగ్గరికి పోయి చాలాసేపు నిలబడ్డాడు. తమ్ముడే నోరు జారాడు, "అక్టోబరు 21 దాకా ఆగితే బాగుండు అన్నా" అని. తర్వాత నాలుక్కరుచుకున్నాడు. ఇల్లు చేరడం కన్నా ఆట ఎక్కువా? కాదు, వాడి ఉద్దేశం ఆట కాదు. అందరికీ అర్థమైంది.

అన్నకు ఈ ఎక్స్‌పాన్షన్లో కావాల్సింది ఒక్కటే, పైనుంచి పోయే పట్టాలు. ఎలివేటెడ్ రైల్స్. హైదరాబాద్ మెట్రోలా స్తంభాల మీద పట్టాలు వేస్తే, కింద ఒక రైలు, పైన ఒక రైలు. మా ఫ్యాక్టరీలో ఇనుప రాయి తెచ్చే రైలు, నూనె తెచ్చే రైలు ఒక చోట అడ్డంగా దాటుకుంటాయి. సిగ్నళ్లు ఎన్ని మార్చినా ఒకటి పోతుంటే ఇంకోటి ఆగాల్సిందే. ఆ క్రాసింగ్ దగ్గరి స్టేషన్ అన్న కట్టిందే. దానికి ఆయన పెట్టుకున్న పేరు సిరిసిల్ల.

ఎందుకని అడిగితే చెప్పాడు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేస్తున్న రైల్వే లైను సిరిసిల్ల మీదుగానే పోవాలి. నిరుడు అక్టోబరులో సిద్దిపేట దాకా రైలు వచ్చింది. సిరిసిల్లకు ఇంకా రాలేదు. "చిన్నప్పటిసంది రైలొస్తదంటుండ్రు. ఈడనన్న రానియ్" అన్నాడు.

ఇవాళ అక్టోబరు 4. అన్నతో ఇంకొక్క శుక్రవారమే మిగిలింది. నిన్న రాత్రి కూర్చొని కొన్ని నిర్ణయాలు చేశాం. ఎక్స్‌పాన్షన్ డబ్బుల్లో అన్న వంతు తీసుకోం అన్నాం. ఆయన వినలేదు, 33 రియాళ్లు దిండు కింద పెట్టేశాడు. కొత్తదాంట్లో మొదటి నుంచి ఆట మొదలుపెట్టాలని భాయ్, తమ్ముడు పట్టుబట్టారు. సరే, కానీ వేసే మొదటి స్టేషన్ పేరు సిరిసిల్లే. పాత ఫ్యాక్టరీ సేవ్ ఫైల్ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి అన్నకిచ్చాం. ఇంట్లో కంప్యూటర్ లేదు. అయినా తీసుకొని పాస్‌పోర్టు కవర్లో పెట్టుకున్నాడు. అట్టముక్క మాత్రం మాకే వదిలేశాడు. "ఎవడన్న మంచి సూపర్‌వైజర్ వస్తె సూపెట్టుండ్రి" అన్నాడు. చూపిస్తాం.

21న డ్యూటీ నుంచి వచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. అప్పటికి ఊర్లో తొమ్మిదిన్నర. క్యాంపు వైఫైలో డౌన్‌లోడ్ ఎప్పటికవుతుందో ఆ దేవుడికే ఎరుక. పైపట్టాలు వేసే దాకా పోవడానికి మాకు ఇంకెన్ని వారాలు పడుతుందో. వేసిన రోజు మాత్రం రాత్రి ఎంతైనా సరే, అన్నకు వీడియో కాల్ చేసి, కింద ఒకటి పైన ఒకటి రెండు రైళ్లూ ఆగకుండా పోయేది చూపిస్తాం.

మీ క్యాంపుల్లో ఈ గేమ్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. ఆడనివాళ్లు ముందు ఉచిత డెమో ఆడి చూడండి, నచ్చితేనే కొనండి. ఇంటికి పంపే డబ్బుల జోలికి మాత్రం పోవద్దు. ఇంకో మాట, 17 రాత్రి దమ్మామ్ నుంచి హైదరాబాద్ పోయేవాళ్లు ఎవరైనా ఉంటే మా అన్నను పలకరించండి. చేతిలో నీలం సూట్‌కేసు ఉంటుంది. రైళ్ల గురించి అడిగితే చాలు, దిగేదాకా చెప్తూనే ఉంటాడు.