సగిలేటి సీమలో సినిమా హాలు

బద్వేలుకు ఏ దిక్కు నుంచి వచ్చినా కొండలు చూసుకుంటూనే రావాలి. తూర్పున వెలిగొండలు, పడమట లంకమల, రెండింటి నడుమ సగిలేరు. కడప నుంచి సిద్ధవటం మీదుగా వచ్చే అతిథులకు పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట ఎదురవుతుంది. మైదుకూరు వైపు నుంచి వచ్చేవారు కాస్త పక్కకు తిరిగితే బ్రహ్మంగారి మఠం. పక్షులంటే ఇష్టమున్నవారికి ఈ నేల పేరు ముందే తెలిసి ఉంటుంది. లోకంలో ఇక లేదనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కంటబడింది లంకమల అంచు చిట్టడవుల్లోనే.

బద్వేలులో జరిగే సభలకు వచ్చినవారికి ఊరిని పరిచయం చేసేటప్పుడు గుడి, కోట, చెరువు చెప్పి ఆపేయడం మామూలు. ఆ వరసలో సినిమా హాలును కూడా చేర్చాలని నా కోరిక. జనమంతా కలిసి కూర్చునే చోట్లు మన చిన్న పట్టణాల్లో ఎన్నో లేవు. ఉన్నవాటిలో ఎక్కువ మందిని ఎక్కువ కాలం కూర్చోబెట్టింది అదే.

సినిమా వ్యాపారంలో బద్వేలు స్థానం విచిత్రమైనది. 1800లో నిజాం కడప చుట్టుపక్కల జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేస్తే వీటికి దత్తమండలాలని, ఇంగ్లీషులో 'సీడెడ్' జిల్లాలని పేరొచ్చింది. ఆ పేరు నచ్చక 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్నారు. అందరూ ఆ మాటే అందుకున్నారు గానీ డిస్ట్రిబ్యూటర్లు మాత్రం ఇప్పటికీ 'సీడెడ్' అనే అంటారు. సినిమా హక్కులు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాల లెక్కన అమ్ముడవుతాయి. బద్వేలు సీడెడ్‌లో ఉంది. వెలిగొండ దాటితే నెల్లూరు ఏరియా. ఈ హద్దు సినిమా వాళ్ల లెక్కల పుస్తకాల్లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

బద్వేలు ఉన్న కడప జిల్లాకు తెర మీది ఆటతో బంధం ఇంకా పాతది. చక్రాయపేట మండలంలో సురభి అనే పల్లె ఉంది. 1885లో అక్కడ తోలుబొమ్మలాట కుటుంబాల వారు మనుషులే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు గారి చేతిలో అది సురభి నాటక సమాజమై, ఆ పల్లె పేరును తెలుగునాడంతా మోసింది. ఆ సమాజం నుంచి వచ్చిన సురభి కమలాబాయే 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించింది. ఆ తర్వాత ఈ జిల్లా బిడ్డలే అయిన బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి సోదరులు మద్రాసులో వాహినీ, విజయా సంస్థలను నిలబెట్టారు. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే పురస్కారం వచ్చింది. పొరుగున తాడిపత్రి నుంచి వెళ్లిన కె.వి.రెడ్డి 'మాయాబజార్' తీశారు. ఇంతమందిని కన్న నేల, వాళ్ల బొమ్మలు ఆడిన హాళ్లను ఒక్కొక్కటిగా పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ముందు టూరింగ్ టాకీసులు వచ్చాయి. డేరా కింద ఇసుకలో కూర్చుని చూసేవారు. తర్వాత పక్కా హాళ్లు లేచాయి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. సాయంత్రం మైకులో ఘంటసాల భక్తిగీతం మొదలైందంటే బుకింగ్ తెరుస్తున్నారని చుట్టుపక్కల పల్లెలకు తెలిసేది, బండ్లు కదిలేవి. 1984లో ఎన్టీఆర్ 'శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర' వచ్చినప్పుడు, బ్రహ్మంగారు జీవసమాధి చెందిన కందిమల్లయ్యపల్లె కూతవేటులో ఉన్న ఈ సీమ జనానికి అది మామూలు సినిమా ఎట్లా అవుతుంది? మన ఊరి సామి కథ మన తెర మీదికి వచ్చినట్టే.

ప్రొజెక్టర్ గది గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హాలు మూతపడితే మొదట పోయేది అదే. రెండు మిషన్లు పక్కపక్కనే ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర మూలన చిన్న చుక్క మెరుస్తుంది. ఆపరేటర్ రెండోదాన్ని సరిగ్గా ఆ క్షణానికి అందుకోవాలి. వెలుగు కోసం రెండు కార్బన్ పుల్లల మధ్య మంట. పుల్లలు కాలిపోతున్న కొద్దీ వాటిని దగ్గరికి జరుపుతూ ఉండాలి, ఏమరుపాటైతే బొమ్మ మసకబారుతుంది, నేల టికెట్ నుంచి ఈలలు లేస్తాయి. పాత ఫిలిం సులభంగా అంటుకునే రకం కాబట్టి ఆ గదికి మందపాటి గోడలు, కిటికీలకు ఇనుప రేకులు పెట్టేవారు. డిజిటల్ వచ్చాక ఈ పనితనం మొత్తం పదేళ్లలోపే మూలపడింది. మిషన్లు పాత ఇనుము ధరకు తూకంలో పోయాయి.

కాపాడుకోవాలంటే చట్టం ఉందిగా అని కొందరంటారు. 1958 నాటి పురావస్తు చట్టం వందేళ్లు నిండిన కట్టడాలకే వర్తిస్తుంది. మన హాళ్లు ఎక్కువగా స్వాతంత్ర్యం తర్వాతవి. అవి వందేళ్లకు చేరేలోగా కల్యాణమండపాలో గోదాములో అయిపోతాయి. దక్షిణాదికి సినిమాను మోసుకొచ్చిన బందరు మనిషి రఘుపతి వెంకయ్య మద్రాసులో కట్టించిన గెయిటీ థియేటరే ఈనాడు లేదు. ఇక చిన్న ఊళ్ల హాళ్లను ఎవరు పట్టించుకుంటారు? ఊరే పట్టించుకోవాలి.

ఎట్లా అన్నదానికి దారి బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్లలో దొరుకుతుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువును చెరిచే ఆరు దోషాలు ఆ రాతి మీద చెక్కి ఉన్నాయి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒక దోషం. నీరు కొంచెం, నేల విశాలం కావడం మరో దోషం. ఇవాళ్టి మన హాళ్ల జబ్బు అచ్చంగా ఈ రెండోదే. ఎనిమిది వందల కుర్చీల హాల్లో యాభై మంది కూర్చుంటే కరెంటు బిల్లు కూడా రాదు.

కాబట్టి నీటికి తగ్గట్టు నేలను కుదించాలి. ముంబయిలో 1938లో తెరిచిన ఎరోస్ సినిమా ఏళ్ల తరబడి మూతపడి 2024లో మళ్లీ తలుపులు తీసింది. బయటి రూపాన్ని బాగుచేసి నిలిపారు, లోపల హాలును చిన్నది చేశారు. అంత డబ్బు మన ఊళ్లో లేదు, అంత అవసరమూ లేదు. బాల్కనీ భాగాన్ని విడదీసి రెండు వందల సీట్ల చిన్న హాలు చేయవచ్చు. కింద నేల భాగంలో వేదిక కడితే నాటకం, హరికథ, బడిపిల్లల వార్షికోత్సవం నడుస్తాయి. సురభి వాళ్లు వచ్చి ఆడటానికి తగిన ఎత్తు, లోతు ఉన్న వేదిక ఈ చుట్టుపక్కల ఉంటే ఎంత బాగుంటుంది!

పనిలో మొదటిది పైకప్పు. వాన నీరు దూలాల్లోకి దిగితే ముఖద్వారానికి ఎన్ని రంగులు వేసినా దండగ. తర్వాత కరెంటు తీగలు మొత్తం మార్చాలి, బయటికి పోయే తలుపులకు అడ్డాలు తీయాలి. గోడలకు ప్రతిధ్వని ఆపే పూత ఆ తర్వాతే. పేరు రాసిన సిమెంటు అక్షరాలను, టికెట్ కిటికీ కమ్మీలను, మెట్ల మొజాయిక్‌ను మాత్రం ముట్టుకోకూడదు. వాటిని పీకేసి గాజు పలకలు బిగిస్తే అది ఏ ఊరి హాలైనా కావచ్చు. ఒక్క ప్రొజెక్టర్‌నైనా శుభ్రం చేసి వరండాలో పెట్టాలి. దాన్ని నడిపిన ఆపరేటర్లు ఇంకా మన మధ్య ఉండగానే వాళ్ల చేత నోటిమాటగా అంతా చెప్పించి రికార్డు చేయాలి. ఈ పని ఆగదు, వచ్చే ఏడాదికి వాయిదా వేసే వీలు లేదు.

యజమానులను నిందించి లాభం లేదు. నష్టం వాళ్లది, అమ్ముకునే హక్కూ వాళ్లదే. మున్సిపాలిటీ ఆస్తిపన్నులో కొంత తగ్గించి, ఏడాదిలో కొన్ని రోజులు హాలును ఊరి కార్యక్రమాలకు అద్దెకు తీసుకుంటే చాలామంది నిలబడతారని నా నమ్మకం.

సభలకు వస్తున్న మిత్రులను అడిగేది ఒకటే. మీ ఇళ్లలో బద్వేలు, పోరుమామిళ్ల, మైదుకూరు హాళ్ల పాత కరపత్రాలు, టికెట్ ముక్కలు, ప్రారంభోత్సవం ఫోటోలు ఉంటే వాటి నకళ్లు తీసుకురండి. ఏ హాలు ఏ ఏడు ఏ బొమ్మతో తెరిచారో ఊరి పెద్దలతో కూర్చుని రాసుకుందాం. మరమ్మతు అంచనా వేసేవాడికి మొదట కావలసిన కాగితాలు అవే.