మంత్రాలు మళ్ళీ వస్తే

ఒక ఇంగ్లీషు నవల రెండేళ్ళుగా మా ఇంట్లో కాపరం చేస్తోంది. దాని పేరు "ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్". సింహాసనాల చెలగాటం అని చెప్పుకోవచ్చు. వ్రాసినాయన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ అనే అమెరికా రచయిత. మొదటి సంపుటం 1996లో వెలువడింది. మూడు సంపుటాల్లో ముగిద్దామని మొదలుపెట్టిన కథ పెరిగి పెరిగి ఏడింటి లెక్కకు వచ్చింది. అయిదోది 2011లో అచ్చయింది. ఆ ఏడాది నుంచి 2019 దాకా ఈ కథ టెలివిజనులో నడిచింది గనుక పేరు వినని వారుండరు. నేను చెప్పబోయేది పుస్తకం సంగతి మాత్రమే.

దాన్ని ఇంట్లోకి తెచ్చింది మా మనవరాలు. అప్పటికి దానికి పదిహేడేళ్ళు. బరంపురంలో పుట్టి పెరిగిన పిల్ల గనుక బడిలో ఒడియా, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మాటైతే గలగలా మాట్లాడుతుంది గాని తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి. 1936లో గంజాం ఒరిస్సాలో కలిసిన నాటి నుంచి మన పెద్దలు చెప్పుకున్న విచారమే ఇది. ఈ పత్రిక చదివే వారికి వేరే వివరించనక్కరలేదు.

ఒకనాడు మా కోడలు ఆ పుస్తకం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. "మామయ్యగారూ, ఏడేళ్ళ పసివాణ్ణి బురుజు మీంచి కిందికి తోసేస్తారట. మంచివాళ్ళ తలలు నరుకుతారట. ఇది ఆడపిల్ల చదవవలసిన పుస్తకమేనా? మీరు చదివి చెప్పండి. వద్దంటే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను," అన్నది. మనవరాలు గుమ్మం పక్కన నిలబడి నా మొహంకేసి చూస్తోంది. పుస్తకమా, సుమారు ఏడువందల పేజీలు. తీర్పు చెప్పే పని నా నెత్తిన పడ్డది.

కథ ఊహాలోకంలోనిది. అక్కడ వేసంగి గాని శీతకాలం గాని ఏళ్ళ తరబడి ఉంటుంది. దేశానికి ఉత్తరాన మంచుతో కట్టిన గోడ, ఏడువందల అడుగుల ఎత్తు, మూడువందల మైళ్ళ పొడవు. మార్టిన్ 1981లో ఇంగ్లండు ఉత్తరాన రోమనులు కట్టిన హేడ్రియన్ గోడ చూసినప్పుడు ఆయనకు ఈ ఊహ తట్టిందట. గోడకు ఇవతల రాజవంశాల కుత్సితాలు. అవి పదిహేనో శతాబ్దంలో ఇంగ్లండులో రెండు రాచకుటుంబాలు గులాబీల పేరిట చేసుకున్న యుద్ధాల నుంచి ఎత్తుకొన్నవి. పరాయి చరిత్ర గదా అనుకుంటాం గాని, అన్నదమ్ముల పోరు మనకు పరాయిదా?

అసలు విశేషం మరొకటి. ఆ దేశంలో మంత్రాలు చచ్చిపోయేయి. రెక్కల సర్పాలు, అవే డ్రాగన్లు, అంతరించి నూరేళ్ళు దాటింది. చదువుకున్న పండితులు మంత్రమనేది ఒకనాటి ముచ్చట అంటారు. అటువంటి లోకంలోకి మంత్రం మళ్ళీ వస్తుంది. ఢంకా కొట్టుకుంటూ రాదు, చెరువు గట్టున నీళ్ళు ఊరినట్టు వస్తుంది. రెండో సంపుటంలో రాజుగారి కొలువులో ఆకుపచ్చ నిప్పు తయారుచేసే రసవాదులుంటారు. ఏళ్ళ తరబడి మందకొడిగా సాగిన పని ఉన్నట్టుండి చకచకా సాగుతుంది. ఎందుకో వాళ్ళకే తెలియదు. వాళ్ళ పెద్ద వచ్చి మంత్రిని మెల్లగా అడుగుతాడు, ఎక్కడైనా డ్రాగన్లు పుట్టేయా బాబూ, అని. మూడో సంపుటంలో ఒక తాగుబోతు పూజారి కథ ఉంది. అతని మండే కత్తి వట్టి గారడీ. తన దేవుడి మీద తనకే పెద్ద గురి లేదు. స్నేహితుడు చచ్చిపోతే అలవాటు కొద్దీ అంత్యక్రియ మంత్రం చదువుతాడు. చచ్చినవాడు కళ్ళు తెరుస్తాడు! ఆ పూజారికి కలిగిన భయం నాకూ కలిగింది. నమ్మకం లేకుండా జీవితమంతా మంత్రాలు చదివిన వాళ్ళు మనలో మాత్రం లేరా?

నా ఒక్కడి మాట చాలదని మరో నలుగురి చేత చదివించేను. చరిత్ర చెప్పి రిటైరైన మిత్రుడొకాయనకు రాజకీయం ఎంతో నచ్చింది, మంత్రమే నచ్చలేదు. "అంత చక్కని కుట్రలు నడుస్తూంటే మధ్యలో ఈ పాములెందుకయ్యా," అన్నాడు. ఆ శంక రచయితకే కలిగిందట. ఫిలిస్ ఐసెన్‌స్టీన్ అనే రచయిత్రి పట్టుబట్టి పెట్టించింది. మూడో సంపుటం ఆవిడకే అంకితమిచ్చేడు. బ్యాంకులో పనిచేసే మరో మిత్రుడిది దీనికి తలకిందుల గోడు. ఆయన కాశీమజిలీ కథలు చదివి, "పాతాళభైరవి" పదిసార్లు చూసి పెరిగినవాడు. ఏడువందల పేజీలు చదివిస్తే చివరాఖర్న గాని డ్రాగన్ పిల్లలు గుడ్లు పగలగొట్టుకు రాలేదని కోప్పడ్డాడు. మాయల ఫకీరు కథలో మంత్రం ఇంట్లో చెంబూ తప్పేలా లాంటిది, ఎప్పుడూ ఉంటుంది. పోవడం, మళ్ళీ రావడం ఆయనకు బొత్తిగా రుచించలేదు.

మా ఆవిడ మొదటి సంపుటంలో ఎడ్డార్డ్ స్టార్క్ అనే ధర్మాత్ముడి తల తెగిన చోట పుస్తకం మూసేసింది. "ఏమండీ, మంచివాణ్ణి అలా నిలువునా చంపేసిన కథ నాకొద్దు," అన్నది. మళ్ళీ తెరవలేదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక మా అప్ప. ఎనభై నాలుగేళ్ళు. చూపు ఆనడం లేదు. చూపున్నా ఇంగ్లీషు రాదు. మనవరాలు సాయంత్రాలు వీధి అరుగు మీద కూర్చొని కథంతా ఆవిడకు తెలుగులో చెప్పడం మొదలెట్టింది. తీర్పు నావద్ద నలుగుతూండగానే అక్కడ విచారణ నడిచిపోతోందన్నమాట. పిల్లకు మాటలు అందవు, అప్ప అందిస్తుంది. డ్రాగన్ "రెక్కల కొండచిలువ" అయింది. పెద్ద జాతి తోడేళ్ళు "రాకాసి తోడేళ్ళు" అయ్యేయి. గోడ కాసే దళానికి అప్ప "రాత్రి తలార్లు" అని పేరు పెట్టింది. ఇంతకంటె మంచి అనువాదం ఏ పండితుడు చేస్తాడో నాకు చూపించండి.

ఎడ్డార్డ్ చావు దగ్గర మా ఆవిడలా అప్ప కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఆ ఘట్టంలో అతను కూతురి ప్రాణం కోసం, చెయ్యని రాజద్రోహాన్ని చేసినట్టు పదిమంది ఎదుటా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నా కుర్రరాజు వదలడు. అప్ప కాస్సేపు ఆలోచించి, "ధర్మరాజు ఒక్క అబద్ధం ఆడి గురువుని చంపించేడు, రాజ్యం గెలిచేడు. ఇతను ఒక్క అబద్ధం ఆడి తానే పోయేడు. ఇద్దర్లో ఎవరికి తక్కువ శిక్ష పడిందంటావురా తమ్ముడూ?" అని అడిగింది. నేను మాట్లాడలేదు.

మంత్రం తిరిగి రావడం గురించి మాత్రం ఆవిడ అభిప్రాయం ఖండితంగా ఉంది. "మనకీ పోయేయి గదా," అన్నది. కృష్ణుడు వెళ్ళిపోయేక ద్వారక ఆడవాళ్ళను తీసుకువస్తూంటే దొంగలు కర్రలు పుచ్చుకు వచ్చి పడ్డారు. అర్జునుడు గాండీవం ఎక్కుపెట్టడానికే అవస్థ పడ్డాడు. అస్త్రాలు జ్ఞాపకం రాలేదు. కళ్ళముందే ఆడవాళ్ళను ఎత్తుకుపోయేరు. తిక్కనగారు తెనిగించిన మౌసలపర్వంలో ఉన్న సంగతే. అప్ప చిన్నప్పుడు మా నాన్నగారి నోట విన్నది. "పోయినవి మళ్ళీ వస్తే మంచిదేగా మామ్మా," అని పిల్ల అడిగింది. "అర్జునుడికే వస్తాయని ఏమిటే నమ్మకం? అశ్వత్థామకి వస్తేనో?" అన్నది అప్ప.

పిల్ల నిర్ఘాంతపోయింది. రెండో సంపుటంలో సరిగ్గా అదే జరుగుతుంది. ఒక పూజారిణి పుట్టించిన నీడ గుడారంలో దూరి, యుద్ధానికి సిద్ధమౌతున్న రాజును పొడిచి చంపుతుంది. చంపించినది అతని స్వంత అన్న పక్షం. అప్పకు ఆ భాగం ఎవ్వరూ చెప్పలేదు. ఆ డ్రాగన్ పిల్లలు సైతం చితిలోంచే పుడతాయి. చచ్చిన మొగుడి పక్కన బతికి ఉన్న ఒక మంత్రగత్తెను కట్టి తగలేస్తే గాని గుడ్లు పగలవు. మొదటి పుస్తకం ముగియగానే చదువరులు "ఆహా" అనుకుంటారు. ఆ "ఆహా" ఎవరి ప్రాణం మీద అనుకున్నామో తరవాత గుర్తొస్తుంది. నాకు ఈ నవలలో నచ్చినది అదే.

"అశ్వత్థామ ఏం చేసేడు మామ్మా?" అని పిల్ల అడిగింది. దానికి తెలియదు! పాండవుల పేర్లు తెలుసు, జూదం తెలుసు, అక్కడితో సరి. అప్ప నాలుగు సాయంత్రాలు చెప్పింది. నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకుల్ని చంపడం, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వదలడం, అన్నీ. వంటింట్లోంచి మా కోడలు వింటూనే ఉంది. లక్క ఇంట్లో కాలిపోయిన బోయది, ఆమె అయిదుగురు కొడుకులు కూడా ఆ అరుగు మీదికి వచ్చేరు. వాళ్ళ ప్రస్తావన మన ఇళ్ళల్లో ఎవరూ ఎక్కువసేపు చెయ్యరు.

అయితే కోడలి శంక పూర్తిగా కొట్టిపారెయ్యదగినది కాదు. పదమూడేళ్ళ పిల్లకు పెళ్ళిచేసి పంపిన ఘట్టాన్నీ, మరికొన్ని పడకటింటి వర్ణనల్నీ నేను సమర్థించను. చావులకు కథలో లెక్క ఉంది, వాటికి లేదు. ఆ మాట మనవరాలితో మొహమాటం లేకుండా చెప్పేను. "నాకూ అవి నచ్చలేదు తాతయ్యా, అందుకే మామ్మకి చెప్పలేదు," అన్నది. ఆ ముక్క విన్నాక నా తీర్పు తేలికైపోయింది. పుస్తకం ఇంట్లోనే ఉంటుందని కోడలితో చెప్పేను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు పోయేక, "బురుజు మీంచి పడ్డ కుర్రాడు బతికేడా?" అని కూతుర్ని అడిగింది. బతికేడు, నడవలేడు.

ఇప్పుడు పిల్ల ఒక వచన భారతం ముందేసుకొని పేజీకి అరగంట చొప్పున అక్షరాలు కూడబలుక్కుంటోంది. అప్ప తప్పులు దిద్దుతోంది. నవల అయిదు సంపుటాలూ అయిపోయేయి. ఆరోది ఇంకా రాలేదని తెలిసి అప్ప చాలా నొచ్చుకుంది. రచయిత 1948లో పుట్టేడని చెప్పేను. వేళ్ళ మీద లెక్కపెట్టుకొని, "నాకన్నా చిన్నవాడేగా, ఇంకా వ్రాయకేం చేస్తున్నాడు? ఒక కార్డు ముక్క వ్రాసి పడెయ్యరా," అన్నది.