నలుగురు ఎక్కితే తగులుద్దా?

కారు టైరు పక్కన 215/45 ఆర్17 అని రాసుంటుంది, ఎప్పుడైనా చూశారా? మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది, ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్తుంది. చివరిది రిమ్ము సైజు, అంగుళాల్లో. ఈ మూడు అంకెలతో డాలస్‌లో ఓ నెల రోజులు కుస్తీ పట్టాను. ఆఫీసులో కోడ్ రివ్యూలు కూడా ఇంత శ్రద్ధగా చేసుండను. మా మేనేజర్‌కి తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా.

నా కారు 2017 మోడల్ టొయోటా 86, సెకండ్ హ్యాండ్. సుబారుతో కలిసి చేసిన రెండు డోర్ల బండి. ఇంజిన్ ముందు, తోసేది వెనక చక్రాలు, 205 హార్స్‌పవర్. కొన్నప్పటికే కిందికి దించి ఉంది. పాత ఓనరు కాయిలోవర్లు వేసి 30 మిల్లీమీటర్లు దించాడు. చూడ్డానికి మాత్రం బలే ఉంటుంది, వేటకి వంగిన పిల్లిలా.

కంపెనీ దీనికి 215 టైర్లు కావాలనే వేసింది. మలుపుల్లో తోక కాస్త జారితే సరదా అని. ఎండలో సరదానే. వానలో హై ఫైవ్ ఎక్కి చూడండి! 75, 635 హైవేలు కలిసే అయిదంతస్తుల ఇంటర్‌చేంజ్ అది. తడిసిన ర్యాంపు మీద, పక్కన పద్దెనిమిది చక్రాల ట్రక్కు పోతుంటే వెనక చక్రం కొంచెం పక్కకి జరిగిందనుకోండి, సరదా అనే మాట నోట రాదు. వెనక వెడల్పు టైర్లు వేద్దామనుకున్నది అందుకే. ఫొటోల కోసం కూడా. అబద్ధం ఎందుకు?

ఎంచుకున్న సైజు 245/40 ఆర్17. వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగినా మొత్తం ఎత్తు దాదాపు అంతే. పాతది 625 మిల్లీమీటర్లు, కొత్తది 628. ఇది ముఖ్యం. ముందు వెనక చక్రాల చుట్టుకొలతల్లో తేడా ఎక్కువైతే ఏబీఎస్ తికమక పడుతుంది, ఓ చక్రం జారుతోందేమో అనుకుంటుంది.

అసలు కథ ఆఫ్‌సెట్ దగ్గరుంది. రిమ్ము నడిమధ్య గీత నుంచి, హబ్‌కి బిగించే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరమే ఆఫ్‌సెట్. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. కంపెనీ రిమ్ము 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 48. నాకు తక్కువ రేటుకి దొరికిన జత 9 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35. ఇప్పుడు లెక్క చూడండి. 30 మిల్లీమీటర్లు రెండు వైపులా సమంగా పెరిగితే చెరో 15. కానీ ఆఫ్‌సెట్ 13 తగ్గింది కాబట్టి బయటికి 28, లోపలికి 2. పెరిగిందంతా ఫెండర్ వైపే పోయింది!

వెడల్పు టైరుకి రోడ్డు మీద ఆనే చోటు ఎక్కువ అనుకుంటాం. నిజానికి బండి బరువు, టైర్లో గాలి అంతే ఉంటే ఆనే విస్తీర్ణం పెద్దగా మారదు, ఆకారం మారుతుంది. పొడుగ్గా ఉండేది పొట్టిగా, అడ్డంగా అవుతుంది. మలుపులో పట్టు దానివల్ల వస్తుంది. టైరు రబ్బరు రకం కూడా అంతే ముఖ్యం. అందుకే పేరున్న వెట్ టైర్లే కొన్నాను.

టైర్ల షాపు వాళ్లు బిగించి, చుట్టూ ఓసారి తిరిగి, "పర్ఫెక్ట్ ఫిట్" అన్నారు. ఖాళీ కారు లెవల్ నేల మీద నిలబడి ఉంటే పర్ఫెక్టే. టైరుకీ ఫెండర్ అంచుకీ మధ్య నా చూపుడు వేలు దూరింది.

ఆ రాత్రి నాన్నకి వీడియో కాల్‌లో చూపించా. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా లారీ మెకానిక్. కెమెరా ఇంకా దగ్గరికి పెట్టమన్నాడు. "నలుగురు ఎక్కితే తగులుద్దా?" అన్నాడు.

"ఇది టూ డోర్ నాన్నా, వెనక ఎవరూ కూర్చోరు."

"సీట్లున్నాయిగా? ఉంటే కూర్చుంటారు. ఖాళీ బండిని చూసి ఏం చెప్తాంరా? లోడెయ్యి, గోతిలో దింపు, అప్పుడు చూడు."

కమాన్ పట్టీలు కిందికి కూర్చున్నాక లారీ టైరు పైన బాడీకి రాసుకుని, నున్నగా కోసినట్టు చిరగడం ఆయన ఎన్నిసార్లు చూశాడో. కారు సంగతి ఆయనకి తెలీదు గానీ బరువు సంగతి బాగా తెలుసు.

శనివారం రూమ్మేట్లు ముగ్గుర్నీ బిర్యానీ ఆశ పెట్టి ఎక్కించా. దానికి ముందు ఫెండర్ అంచు లోపల చపాతీ పిండి చిన్న ముద్దలు అంటించా. ఇలాంటి పనికి వాడే మట్టిముద్దకి ఇది మన వెర్షన్. పిండి కలిపిన రూమ్మేట్ మొహం చూడాల్సింది. ఫుల్ ట్యాంకుతో అపార్ట్‌మెంట్ స్పీడ్ బంప్ నెమ్మదిగా దాటించా. ఎడమ వెనక "ర్ర్ర్" అని ఒక్క క్షణం వినిపించింది. దిగి చూస్తే ముద్ద కాగితంలా పలచబడింది. టైరు భుజం మీద వేలెడు గీత.

గంటకి పది మైళ్లలో అది గీతే. డెబ్భైలో, నలుగురితో, వంతెన జాయింటు మీద అదే అంచు అదే చోట మళ్లీ మళ్లీ తగిలితే టైరు చీలుతుంది. వెనక సీట్లో వాళ్లకి తలుపు కూడా లేదు.

దారులు మూడున్నాయి. ఫెండర్ అంచుని వేడి చేసి రోలర్‌తో లోపలికి మడవడం చాలామంది చేసేదే. కానీ ముందు ఫెండర్ బోల్టులు విప్పి మార్చొచ్చు, వెనకది బాడీకి వెల్డ్ చేసిన భాగం. పెయింట్ పగిలితే తుప్పు మొదలవుతుంది. రెండోది, క్యాంబర్ పెంచి చక్రం పైభాగాన్ని లోపలికి వంచడం. అప్పుడు వెడల్పు టైరుకి డబ్బులు పెట్టి, లోపలి అంచు మీదే బండి నడిపినట్టు. మూడోది ఎవరికీ నచ్చదు. కారుని కాస్త పైకి లేపడం.

కాయిలోవర్ రింగు తిప్పి వెనక 15 మిల్లీమీటర్లు లేపా, ముందు కూడా దానికి తగ్గట్టు. అలైన్‌మెంట్ చేయించా. మళ్లీ పిండి, మళ్లీ నలుగురు, మళ్లీ బిర్యానీ. ఈసారి ముద్ద ముద్దలాగే ఉంది.

"పిల్లి లేచి నిలబడిందేంట్రా?" అని ఫ్రెండ్స్ ఇప్పటికీ ఏడిపిస్తారు. నిలబడనీ.

హైదరాబాద్‌లో ఇలాంటివి ప్లాన్ చేస్తున్నవాళ్లకి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఓసారి చదవండి. ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పడం ఇక్కడైనా అక్కడైనా మంచిదే. నేను రాతపూర్వకంగా చెప్పా.

వానలో తోక ఇప్పుడు చాలా కుదురుగా ఉంది. బదులుగా మలుపులో ముక్కు కాస్త బయటికి లాగుతోంది, ముందు టైర్లు ఇంకా 215లే కదా. ముందువి వెనక్కి మార్చుకుని సమంగా అరగదీసే వీలూ పోయింది. నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైరు ఇంకా తొందరగా తేలుతుంది కాబట్టి పెద్ద వానలో కుడి లేన్‌లోనే పోతున్నా. ట్రక్కులు హారన్ కొట్టుకుంటూ దాటిపోతాయి.