సుందిళ్ల ఇసుక మేటల మీద

వేసవి రాగానే మిద్దె మీద మూకుడులో పిట్టలకు నీళ్లు పెట్టే అలవాటు మా పెద్దపల్లిలో ఈ మధ్య బాగా పెరిగింది. బడిపిల్లలు పెడుతున్నారు, దుకాణాల వాళ్లు పెడుతున్నారు. మంచి పనే. పిచ్చుకలూ గోరింకలూ గొంతు తడుపుకుంటున్నాయి. అయితే మన మిద్దెల వైపు ఎన్నడూ రాని పిట్టలు కొన్ని ఉన్నాయి. ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్, మే నెలల్లోనే అవి గోదావరి ఇసుక మీద, గడ్డిపరక నీడ కూడా లేని చోట గుడ్లు పెడతాయి. వాటిని చూద్దామని ఏప్రిల్ చివర్లో సుందిళ్ల వెళ్లాను.

మంథని బస్సు సెంటినరీ కాలనీ చేరేసరికి సింగరేణి ఓపెన్‌కాస్టు మట్టిగుట్టలు కనబడతాయి. ఇక్కడి బొగ్గు మండి రామగుండంలో కరెంటు అవుతుంది. ఎన్టీపీసీ పాత ప్లాంటు ఒక్కటే 2600 మెగావాట్లు. మా జిల్లాలో వేల కుటుంబాలకు ఈ బొగ్గే అన్నం పెడుతోంది, ఆ సంగతి మరిచి మాట్లాడలేను. అయినా భూమిని వేడెక్కించే పొగ లేచే చోటూ, ఆ వేడికి గుడ్డు మాడిపోయే చోటూ ఒకే నది ఒడ్డున ఉండటం నన్ను కలవరపెడుతుంది. 2022లో అదే ఎన్టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ పలకలు పూర్తయ్యాయి. దారి మారడం మొదలైంది, కానీ ఎండ అంతదాకా ఆగదు. వేసవి వాతావరణ వార్తల్లో రామగుండం పేరు లేని ఏడాది లేదు.

సుందిళ్లలో నన్ను ఏటికి తీసుకుపోయింది చేపలు పట్టే ఒక పెద్దాయన. ఊళ్లో అందరూ తాత అనే పిలుస్తారు. రాత్రే ఒక షరతు పెట్టాడు. "తెల్లారకముందే పోదాం బిడ్డా. పొద్దెక్కినంక ఆ దిక్కు అడుగు పెట్టొద్దు. నువ్వు పోతే పిట్ట లేస్తది. పిట్ట లేస్తే గుడ్డు మాడుతది." నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పేది కూడా ఇదే.

పక్షి గుడ్డులోని పిండానికి 37, 38 డిగ్రీల వేడి హాయి. 41 దాటి చాలాసేపుంటే బతకడం కష్టం. గాలిలో 44 డిగ్రీలున్న మధ్యాహ్నం ఇసుక ఇంకో పది పదిహేను డిగ్రీలు ఎక్కువే కాలుతుంది. చలిదేశాల్లో తల్లి గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం. ఇక్కడ మే నెలలో కూర్చునేది తన ఒంటితో నీడ పట్టడానికి. ఎండ ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే ఏమవుతుందని అడిగేవాళ్లకు ఇదే జవాబు: తల్లి నీళ్లు తాగడానికో, చేపకో లేచి వెళ్లగలిగే సమయం అంతకంతకూ తగ్గిపోతుంది.

ఒడ్డున తుమ్మచెట్టు కింద కూర్చుని బైనాక్యులర్‌తో చూశాం. నడి ఏట్లో పొడుగాటి మేట, దానికి అటూ ఇటూ సన్నటి పాయలు. మేట మీద రివర్ టెర్న్‌లు. పావురమంత ఒళ్లు, బూడిదరంగు రెక్కలు, నెత్తిన నల్ల టోపీ, పండు పసుపు ముక్కు, చీలిన తోక. ఇసుకలో చిన్న గుంట చేసి రెండు మూడు గుడ్లు పెడుతుంది, గూడంటే అంతే. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఈ పక్షిని ముప్పున్న జాతుల జాబితాలోకి మార్చింది. ఒక్కటి చేపతో వచ్చి వాలింది. గుడ్ల మీదున్నది లేవలేదు, నోరు తెరుచుకుని రొప్పుతూనే చేప అందుకుంది. అప్పటికింకా ఎనిమిది కాలేదు.

మాకు దగ్గరగా కనబడింది తీతువు. మనుషులు తాగేందుకు తోడుకున్న చెలిమె ఒకటి ఒడ్డు పక్కనే ఉంది. తీతువు పచ్చటి కాళ్లతో గబగబా నడిచి వచ్చింది, అటూ ఇటూ చూసి చెలిమెలో దిగింది. తాగలేదు. పొట్ట నీళ్లకు ఆనించి కూర్చుని, ఈకలు పొంగించి, కాసేపు అటూ ఇటూ ఊగింది. లేచినప్పుడు తెల్లటి పొట్ట ఈకలు జడలు కట్టి, చివర్ల నుంచి చుక్కలు కారుతున్నాయి. ఎగిరితే ఆరిపోతాయన్నట్టు నడిచే వెళ్లింది. జంట పక్షి పక్కకు తప్పుకోగానే నాలుగు గుడ్ల మీద ఆ తడి పొట్ట ఆనించింది. రాత్రిపూట దీని కూత వింటే అపశకునమని భయపడే ఊళ్లు మనవి. ఆ చెలిమె దగ్గర దాన్ని చూసినవాళ్లు ఇంక ఆ మాట అనలేరు.

ఈ మేటలు కొన్నేళ్లు కనిపించలేదు. 2019లో కాళేశ్వరం ప్రాజెక్టు బ్యారేజీలు నిండాక సుందిళ్ల బ్యారేజీ 74 గేట్ల వెనక వేసవిలోనూ నీళ్లు నిలిచాయి. చేపలు దొరికాయి, మనుషులు సంతోషించారు, ఇసుక మునిగింది. 2022 జూలై వరదకు మంథని పట్టణంలోకే గోదావరి వచ్చింది. 2023 అక్టోబరులో వాటిలో ఒకటైన మేడిగడ్డ పిల్లర్లు కుంగాక మూడు బ్యారేజీలూ ఖాళీ చేశారు. నది మళ్లీ పాయలయింది, పిట్టలు మళ్లీ వచ్చాయి. బ్యారేజీల మంచీచెడ్డా తేల్చేవాళ్లు వేరే ఉన్నారు. నాకు కావలసింది ఒక్కటే: ఆ లెక్కలు వేసేటప్పుడు ఏప్రిల్, మే నెలల ఇసుకను కూడా ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకోవాలి.

ఎండ ఒకవైపు, వేళ తప్పిన వాన ఇంకోవైపు. మామూలుగా జూన్ రెండో వారంలో మనల్ని పలకరించే రుతుపవనాలు 2025లో మే 24కే కేరళను తాకి, ఆ నెలలోనే తెలంగాణలోకి వచ్చేశాయి. "పిల్లలకింక రెక్కలే రాలే. వాగులు పారి మేట అంచులు కోసుకపోయినయ్" అన్నాడు తాత. మొదటి గుడ్లు ఎండకో కుక్కలకో పోతే ఈ పిట్టలు మళ్లీ పెడతాయి. ఆలస్యంగా పెట్టిన ఆ రెండో విడతనే తొందరపడ్డ వాన తీసుకుపోతుంది.

మంథని దగ్గరే ఎల్‌మడుగు ఉంది. అక్కడి మొసళ్ల కోసం శివారం అభయారణ్యం ఉంది. మేటలకు అలాంటి పేరు లేదు, ఏటేటా చోటు మారే ఇసుకకు సరిహద్దు రాళ్లు పాతడం కుదరదు కూడా. అందుకే నాకు చంబల్ నది మీది పద్ధతి నచ్చుతుంది. అక్కడ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊరివాళ్లనే గూళ్లకు కాపలా పెట్టారు. పిట్ట ఎక్కడ దిగితే కాపలా అక్కడికి పోతుంది.

సాయంత్రం రచ్చకట్ట దగ్గర గూళ్లున్న మేటను వదిలేద్దామన్న మాట ఎత్తితే ఇసుక ట్రాక్టరు నడిపే కుర్రాడు సూటిగానే అడిగాడు. "ఇందిరమ్మ ఇండ్లకు ఇసుక కావాలె. ఆ మేట తప్పించి పోతే చుట్టు తిరుగుడైతది. డీజిల్ ఎవలిస్తరు తాతా?" న్యాయమైన ప్రశ్న. ఇల్లు కట్టుకునే మనిషిని పిట్ట కోసం ఆగమనడం నాకు చేతకాదు. మాట మాట పెరిగి చివరికి ఒక దారి దొరికింది. మేట కింది కొసన గూళ్లు లేవు, అక్కడ ఇసుక తీసుకోవచ్చు. పై కొసకు పోయే తొవ్వకు అడ్డంగా కర్రలు పాతి గుడ్డపేలికలు కడితే రాత్రిపూట బండ్లకూ తెలుస్తుంది. కర్రలు తాను తెస్తానని ఆ కుర్రాడే అన్నాడు. మే దాటేదాకా అంతే, తర్వాత ఏరే ఎలాగూ తొవ్వ మూసేస్తుంది.

కుక్కల సంగతి మాత్రం తేలలేదు. పాయ ఎండిపోతే అవి నడిచే వస్తాయి. ఎండిన చోట అడ్డంగా చిన్న కాలువ తవ్వి ఊట నీళ్లు నిలబెడితే ఎట్లుంటదని తాత అడిగాడు. ఎవరూ ప్రయత్నించి చూడలేదు. పొద్దున పార తీసుకుని ఇద్దరు ముగ్గురు పోయి ఊట ఎంత లోతులో ఉందో చూసి రావాలని అనుకున్నారు, ఎండెక్కకముందే.