అరకులో నొక గుఱ్ఱపుశిక్షకుడు

బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపుటకై 1960ల నాట వేసిన రైలుమార్గము మా కొత్తవలసకడనే చీలును. ఆ దారిని మేము పిల్లలతో అరకు వెళ్లితిమి. సొరంగములును లోయలును సోదరీమణు లెఱిగినవే. మా మనసున నిలిచినవాడు మాత్రము, పిల్లల నెక్కించుకొని తిరుగు గుఱ్ఱములకు నడక నేర్పు నొక వృద్ధుడు.

వాని గుఱ్ఱములలో నొకటి మునుపు దెబ్బలు తిన్నదట. ఎవరు చేయెత్తినను జంకును. మా అమ్మాయి దాని వెనుకగా పోబోవ నాతడు వారించెను.

"దాని కళ్లు పక్కలకుంటాయి తల్లీ. సుట్టూ సూస్తాది గానీ సరిగ్గా ఎనకనున్నది కానదు. బెదిరితే తంతాది. ముందు మాటాడి, బుజంకాడికి రా. సెవులు సూడు, అవెటు తిరిగితే దాని మనసటు."

నలుని అశ్వహృదయవిద్యను భారతమున చదివితిమి గాని, చెవుల మాట అందు వినలేదు!

కళ్లెము లాగుటకంటె వదలుట ముఖ్యమట. గుఱ్ఱము మాట విన్న క్షణముననే పగ్గము సడలింపవలెను. అదియే దానికి మెప్పు. ఆలసించినచో మెప్పు దేనికో దానికి తెలియదు. బెదురుగుఱ్ఱమునకు దినమున కొక్క గడియయే పాఠము. అది విసుగక మున్నే ఆపును. మా ఇంటి బడిపంతులుగారు ఇది విని నవ్వి యూరకుండిరి.

అమ్మాయి అరచేయి చాపి బెల్లపుముక్క చూపెను. రెండుమారులు వెనుదీసి, మూడవమారు గుఱ్ఱము పెదవులతో నందుకొనెను.