ఆగనన్న కారు

మా మామగారు పోయాక ఆయన బెంజి కారు అమ్మిపెట్టే పని నామీద పడింది. 1983 నాటి 300డి. అయిదు సిలిండర్ల డీజిలు బండి. బేరంవాళ్ళు సాయంత్రం వస్తామన్నారు. పద్యానికి గణాలు విడదీయడం వచ్చుగాని, ఆ డాష్‌బోర్డు మీది గుర్తులు విడదీయడం నావల్ల అవుతుందా! తాళంచెవి తిప్పగానే స్ప్రింగు బొమ్మ దీపమొకటి వెలిగింది. లోపల సిలిండర్లు వేడెక్కుతున్నాయనీ, అది ఆరేదాకా ఓపిక పట్టాలనీ మా ఆవిడే చెప్పింది. నాన్న పక్కన కూర్చుని పెరిగిన మనిషి.

బండి కదిలించి, వాకిట్లో పెట్టి, తాళంచెవి తీసేశాను. ఇంజను ఆగదే! తాళంచెవి నా చేతిలో, కారు మాత్రం గడగడలాడుతూనే ఉంది. నాకు ముచ్చెమటలు పోశాయి. ఆవిడ బానెటు ఎత్తించి, ‘స్టాప్’ అని రాసివున్న చిన్న మీట నొక్కింది. ఠక్కున ఆగింది.

ముసలి మెకానిక్కుని పిలిపించాను. "పెట్రోలు బండికి నిప్పురవ్వ ఆపితే చాలండీ. దీనికి రవ్వే లేదు, డీజిలు కట్టెయ్యాలి. ఇంజను దగ్గర పంపు గాలి పీలుస్తుంది, ఆ పీల్పుతోనే డీజిలు ఆగుతుంది, తలుపుల తాళాలూ పడతాయి" అన్నాడు. నలభై ఏళ్ళ రబ్బరు గొట్టం ఒక తలుపులో చిట్లిందట. తలుపులో చిట్లితే ఇంజను మాట వినకపోవడమేమిటి? ఉమ్మడి కుటుంబం లాగుంది వ్యవహారం!

ముక్క మార్చి, ముందు తలుపుకి తాళం వేశాడు. బుస్సుమంటూ నాలుగు తలుపులకీ తాళాలు పడ్డాయి. ఆవిడ కొంగు కళ్ళకద్దుకుంది. నాన్న బడి దగ్గర దింపేరోజుల్లో విన్న చప్పుడట.

బేరంవాళ్ళకి రావద్దని కబురంపాను.